నిప్పు మీద గొడుగు

మా ఇంట్లో మంచి గొడుగు ఒక్కటే ఉండేది. దాన్ని నిప్పుకి పట్టేవాళ్లం. నవ్వకండి. మా ఆయన గౌరీశంకరావధాని గారు నిత్యాగ్నిహోత్రి. పెళ్లైన కొత్తలో ఇద్దరం కలిసి నిలబెట్టుకున్న అగ్ని అది, అప్పటినుంచి ఆరలేదు. ఆరిందంటే మా వ్రతం తప్పినట్టే. అందుకని వానొస్తే గొడుగు నిప్పుకి, తాటాకు గొడుగు ఆయనకి. నాకు ఏదీ అక్కర్లేదు, చినుకు పడితే నేను గుమ్మం దాటితేగా!

మా చెల్లెలు సీతామహాలక్ష్మి ఇల్లు మా వీధి చివరే. దాని కూతురి పెళ్లి శ్రావణంలో చేసింది. తలంబ్రాల వేళకి కుండపోత. ఆయన పెళ్లిలో వేదం చెబుతున్నారు, నేను ఇంట్లో నిప్పుకి గొడుగు పడుతున్నాను. ఆ సంగతి అది ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంతకీ కారేది ఎక్కడంటే, హోమగుండం మీద పొగ పోవడానికి మా మామగారు పెంకుల కప్పులోంచి ఇటుకలతో ఒక గూడు లేపించారు. ఆ గూటి గోడా పెంకులూ కలిసేచోట సందు. తారు పూశాం, ఎండకి పగిలింది. సిమెంటు పూశాం, అదీ విచ్చుకుంది. డెబ్బై ఆరులో అమలాపురం నుంచి జింకు రేకు తెప్పించి, గూటి చుట్టూ పెంకుల మీద పరిపించాం. ఆ ఏడు ఇంకా ఎక్కువ కారింది.

మరుసటి భాద్రపదంలో ఓ మధ్యాహ్నం ముసురు. గొడుగు పట్టీ పట్టీ నాకు ఒళ్లు మండిపోయింది. గొడుగు ఆయన చేతిలో పెట్టి, కొంగు బిగించి అటకెక్కాను.

ఎక్కి చూస్తే కోపం నా మీదే వచ్చింది. ఇన్నాళ్లూ చుక్క పడేచోటే చూశాం గాని, నీళ్లు దూరేచోటు చూడలేదు. కప్పు వాలు మీద జారివచ్చే నీళ్లు గూటి వెనక గోడకి కొట్టుకుని, రేకు మీదికి ఎక్కకుండా దాని కిందికి దూరుతున్నాయి. అక్కణ్నుంచి కప్పు కర్ర వెంట జారి సరిగ్గా గుండం మీదికి వస్తున్నాయి. తాటాకు కప్పు వేసేటప్పుడు పై ఆకు కింది ఆకు మీదికి వచ్చేలా వేస్తారు కదా. మేం ఎగువన కూడా రేకుని పెంకుల మీదే పరిపించాం. అది పైవరస పెంకుల కిందికి వెళ్లాలి.

ఎందుకలా పరిపించామంటే, పెంకు ఎత్తితే దుమ్మూ మసీ నిప్పులో పడతాయని ఆయన ఒక్క పెంకు కదపనివ్వలేదు.

పెంకుల పని చేసే త్రిమూర్తుల్ని పిలిపించి చెబితే, "ఆయ్, నాకూ అనుమానం వచ్చిందండి. కదపొద్దన్నారు కదండీ అవధాన్లుగారు," అన్నాడు.

"ఒక్కపూట నిప్పు తీసేస్తే?" అన్నాను ఆయనతో.

దానికి మార్గముంది. ప్రయాణాలప్పుడు అగ్నిహోత్రులు చేసేదే, మాకు ఎప్పుడూ అవసరపడలేదు. అరణులనే కొయ్యల్ని నిప్పు మీద కాచి, మంత్రంతో అగ్నిని వాటిలోకి తీసుకుంటారు. తర్వాత ఆ కొయ్యల్నే చిలికి మళ్లీ నిప్పు పుట్టిస్తారు.

"ఈ ముసురులో చిలికితే రాజుకుంటుందా? రాజుకోకపోతే నా చేతులారా ఆర్పుకున్నట్టు కాదుటే?" అన్నారు.

"చినుకు పడి ఆరితే మాత్రం మన చేతులు శుభ్రమేనా?"

ఆయన గొడుగు సరిచేసి పట్టుకున్నారు. రేడియోలో వాయుగుండం అని చెప్పిన సాయంత్రం, మంచి గొడుగుకి కొత్తగా పడ్డ చిరుగులోంచి ధార పడి సగం నిప్పులు చుయ్యిమని నల్లబడ్డాయి. మిగిలినవి పోగుచేసి, ఊది, నిలబెట్టేసరికి ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన చేతుల బూడిద దులుపుకుంటూ, "కొబ్బరిపీచు పొడిగా ఉందా?" అన్నారు.

"అటక దిగిన రోజే పొయ్యి పక్కన ఆరబెట్టి డబ్బాలో పెట్టేను."

"అయితే ముందునుంచే అనుకున్నావన్నమాట."

"అనుకోనా మరి!"

మర్నాడు వాన తెరిపిచ్చింది. పొద్దుటి హోమం కాగానే అగ్నిని అరణుల్లోకి తీసుకున్నారు. గుండం చల్లారింది. అది నల్లగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, పనిమీద పడి ఆపుకున్నాను. ఆయన అరణుల్ని పట్టుబట్టలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు కూర్చున్నారు.

త్రిమూర్తులు పైవరస పెంకులు తీశాడు. గూటి గోడలో గాడి కొట్టి, రేకు అంచు అందులోకి వంచి, సున్నంతో బిగించాడు. ఎగువన రేకు మీదికి పెంకులు, దిగువన పెంకుల మీదికి రేకు. గుండంలో బుట్టెడు మసి పడింది. నేను ఊడ్చి అలికేసరికి మళ్లీ మబ్బు కమ్మింది.

ఆయన పైనుంచి కొయ్య అదిమిపట్టారు, దానికి చుట్టిన తాడు నేను లాగాను. పొగ వచ్చింది, నిప్పు రాలేదు. మళ్లీ లాగాను. మళ్లీ పొగే. ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "నా మాట విన్నారు, కొంప ముంచేనా" అని లోపల ఒకటే భయం. పైకి మాత్రం, "గట్టిగా పట్టండి, చేతులు వణికితే ఎలా!" అని కసిరాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు రాలింది, ఆవగింజంత నిప్పు. పీచులో పట్టి ఆయన ఊదుతుంటే భగ్గుమంది. ఆయన ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, ఈసారి ఆపుకోలేదు.

"ఒక్క జల్లు చూసి వెళ్తానండి," అంటూ త్రిమూర్తులు అరుగు మీదే కూర్చున్నాడు. వాన దంచికొట్టింది. ముగ్గురం కప్పుకేసి చూస్తూనే ఉన్నాం. ఒక్క చుక్క రాలేదు. మా ఆయన అలవాటు కొద్దీ గొడుగు తెరిచి పట్టుకునే ఉన్నారు.

"ఇలా ఇవ్వండి," అని లాక్కుని వీధిలోకి నడిచాను.

చిరుగు గొడుగు, మోకాలిదాకా తడిసిన చీర. నన్ను గుమ్మంలో చూసి సీతామహాలక్ష్మి చేతిలో చేట కింద పడేసింది.

"అయ్యో అక్కా, ఆరిపోయిందిటే?" అంది.

"ఆరలేదే," అన్నాను. "కాస్త కాఫీ పెట్టు. వాన తగ్గేదాకా కూర్చుంటాను."