పన్నీటి బుడ్డి

బాపట్లలో జరిగే అంతర్జాతీయ సిగ్నల్ ప్రాసెసింగ్ సదస్సులో మనవరాలు షారోను మాట్లాడుతుందని ఎస్తేరమ్మ రేపల్లెలో బస్సెక్కి వచ్చింది. గుండె చప్పుడులో రొదను తీసేసి జబ్బును పసిగట్టే పద్ధతి కనిపెట్టిందట ఆ పిల్ల. తీరా చూస్తే పట్టుచీర కట్టుకుని, సభ గుమ్మంలో పన్నీరు చల్లుతోంది.

“నీ వంతు ఎప్పుడే?”

“ఇప్పుడే, అమ్మమ్మా. స్వాగతానికి ఆడపిల్లలు చాల్లేదని, నా బదులు మా క్లాసు వినయ్‌ని పేపరు చదవమన్నారు సారు.”

ఎస్తేరమ్మకు ఒళ్లు మండిపోయింది. పక్కనే ఉన్న సారు మీద విరుచుకుపడింది.

“ఏంటయ్యా, కష్టపడింది ఇదీ, చదివేది వాడూనా? పెళ్లికూతుర్ని గుమ్మంలో నిలబెట్టి తాళి ఇంకొకత్తికి కడతారా?”

“అరవకండి, మామ్మగారూ. గుమ్మం బోసిపోతుందండి.”

“గుమ్మానికి నేను చాలనా?” ఎస్తేరమ్మ బుడ్డి లాక్కుని సారు ముఖానే చిలకరించింది. “పోవే, నీ మాట నువ్వే చెప్పుకో!”

షారోను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి పరిగెత్తింది.