హారన్‌లో అత్తగారు

షెడ్డు గోడకి రెండు మేకులుండేవి. ఒకదానికి ఖాకీ చొక్కా, రెండోదానికి గ్రీజు మరకల నీలం చొక్కా. ఖాకీ తొడుక్కుంటే అతను స్కూలు బస్సు డ్రైవరు. నీలం తొడుక్కుంటే అదే బస్సుకి మెకానిక్కు. ఒక్క బస్సుకి ఇద్దరు మనుషులెందుకని స్కూలువాళ్ళు ఒక్కణ్ణే పెట్టుకున్నారు గానీ, గ్రీజు చొక్కాతో పిల్లల మధ్యకి వస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. బండి తీసేముందు చొక్కా మార్చాల్సిందే.

అలా ఏళ్ళ తరబడి చొక్కాలు మార్చీ మార్చీ అతనిలో నిజంగానే ఇద్దరు తయారయ్యారు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. పొద్దున్న క్లచ్చు పట్టేస్తే డ్రైవరు పళ్ళు నూరేవాడు: "నిన్నంతా బండి కింద పడుకుని ఏం ఊడబొడిచాడో ఆ మెకానిక్కు!" సాయంత్రం బండి కింద దూరిన మెకానిక్కు తల పట్టుకునేవాడు: "గేర్లు ఇలా అరగదీస్తాడా ఎవడైనా? అవి చేతులా, రోకళ్ళా?" ఇంటికొచ్చాక ఇద్దరి తరఫునా భార్యకి ఏకరువు పెట్టేవాడు. ఆవిడ గరిట పట్టుకుని ఓపిగ్గా వినేది.

"ఇంతకీ ఇవాళ అన్నం మీ ఇద్దరిలో ఎవరికి పెట్టమంటారు?" అనేది చివరికి.

ఈ ఇద్దరూ కలిసి ఒప్పుకునే సంగతి ఒక్కటే. అత్తగారి పోరు భరించలేమని.

అత్తగారు పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ రోజూ పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సెక్కి, డ్రైవరు సీటు వెనకే కూర్చుని కూరగాయల బజారుకి వెళ్ళేది. అతన్ని పక్కింటి కుర్రాడిగా చిన్నప్పటినుంచీ ఎరుగును కాబట్టి 'మీరు'లూ 'గారు'లూ ఆవిడ దగ్గర చెల్లేవి కావు. "అల్లుడూ, అద్దం తుడిచావా? అల్లుడూ, ఆ సైకిలు చూశావా? అల్లుడూ, నీళ్ళు తాగావా?" బజారు వచ్చేదాకా ఇదే. ఒక్కనాడైనా "బాగా నడుపుతున్నావురా" అన్న పాపాన పోలేదు.

ఆవిడ పోయిన తర్వాత మొదటిరోజు పనిలోకి వచ్చి, మొదటి స్టాపులో అతను హారన్ నొక్కాడు.

"నెమ్మదిగా, నెమ్మదిగా! ఆ పిల్ల ఇంకా చెప్పులు తొడుక్కుంటోంది!" అంది హారన్.

అచ్చం అత్తగారి గొంతే. బస్సులోని ఆయమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎక్కించి, "అయితే పెద్దమ్మగారు వచ్చేశారన్నమాట" అని తలుపేసింది. మర్నాటికల్లా పిల్లల తల్లులు తమ తమ గుమ్మాల్లోంచి "బాగున్నారా పెద్దమ్మా?" అని పలకరించడం మొదలెట్టారు. ఆవిడ బాగున్నానని చెప్పేది కాదు. "వాడి టిఫిను డబ్బా మూత సరిగా పెట్టలేదు చూడు" అనేది. చూస్తే నిజంగానే పెట్టి ఉండేది కాదు.

మెకానిక్కు తన ప్రయత్నాలన్నీ చేశాడు. వైర్లు మార్చాడు. రిలే మార్చాడు. చివరికి పాత లారీ హారనొకటి తెచ్చి బిగించాడు. ఆవిడ అందులోంచీ పలికింది గానీ గొంతు బొంగురుపోయింది. సందు చివర నిలబడి విన్న భార్య ఆ సాయంత్రం గుమ్మంలోనే అడ్డం పడింది.

"అమ్మకి జలుబు చేసింది. ఏం చేశారు మీరు?"

"హారన్ మార్చాను."

"పాతది పెట్టేయండి. ఆ గొంతు వినలేకపోతున్నాను."

పెట్టేశాడు. ఏం చేస్తాడు? తల్లి ఆఖరి ఘడియల్లో ఈవిడ మందుల కోసం బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక్క మాటా చెప్పుకోలేదు. అందుకే రోజూ పొద్దున్న దేవుడికి దీపం పెట్టి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ సందు చివరికి వచ్చి నిలబడేది. బస్సు అక్కడ మలుపు తిరిగేటప్పుడు అతను హారన్ కొట్టాల్సిందే. "అలా తడి జుట్టుతో బయటికి రాకే" అనేది తల్లి. "అలాగేనమ్మా" అనేది కూతురు. అంతే. ఆ పూటకి అది చాలేది ఆమెకి.

అతని గోల అతనిది. రాళ్ళ క్వారీ పక్కన రోడ్డు నిట్టనిలువునా దిగే చోటొకటి ఉంది. కింద వంతెన, దానికి పిట్టగోడ కూడా సరిగా లేదు. ఆ దిగుడు మొదట్లో అందరూ హారన్ కొట్టాలి. అతను కొట్టగానే ఆవిడ తప్పకుండా అడిగేది: "అల్లుడూ, అన్నీ బిగించావా?"

"బిగించానత్తయ్యా! బిగించాను!" అని అరిచేవాడు అతను స్టీరింగు మీద గుద్దుతూ. వెనకనుంచి పిల్లలంతా కిలకిలా నవ్వేవారు. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు, రోజూ అదే నవ్వు. "ఇంట్లో ఉన్నన్నాళ్ళూ సరే, ఉద్యోగంలో కూడానా?" అని ఆయమ్మ దగ్గర వాపోయేవాడు. "పెద్దవాళ్ళు కదా" అనేది ఆయమ్మ, అటు తిరిగి నవ్వుకుంటూ.

ఇలా నడుస్తుండగా హెడ్మాస్టరమ్మ అతన్ని గదిలోకి పిలిచింది.

"రేపు బండిని పరీక్ష చెయ్యడానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. హారన్ హారన్‌లా మోగాలి."

"చాలా ప్రయత్నించానండీ."

"నిన్న ప్రార్థన జరుగుతుంటే గేటు దగ్గర నువ్వు హారన్ కొట్టావు. మీ అత్తగారు నన్ను పట్టుకుని, ముడి జారిపోతోంది సరిచేసుకోమని అన్నారు. మైకులో నేను మాట్లాడుతుంటే! పిల్లలందరూ నా తలకేసి చూశారు." ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే ముడి మీదకి వెళ్ళింది. "పరీక్షలో బండి తప్పితే ఇక దాన్ని తుక్కుకి పంపడమే. కొత్త బండి కొంటే దానికి కంపెనీ మెకానిక్కే వస్తాడట, డ్రైవరుతో సహా. ఆలోచించుకో."

ఆలోచించుకోవడానికి ఏముంది? ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. వైరు పీకేస్తానన్నాడు.

ఆమె గరిట కింద పెట్టింది. "అమ్మకి చెప్పారా?" అంది.

"హారన్‌కి చెప్పి పీకుతారటే ఎవరైనా?"

"చెప్పకుండా పంపడం ఒకసారి అయింది. రెండోసారి వద్దు."

విసుక్కుంటూనే షెడ్డుకి వెళ్ళి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, హారన్ మెల్లిగా నొక్కి పట్టుకుని, "అత్తయ్యా, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఇంక మీరు మాట్లాడటానికి వీల్లేదు. ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"ఆ పైనున్న బూజు ఎప్పుడు దులుపుతావు?" అంది అత్తగారు.

అతను వైరు పీకేశాడు. కిటికీ పక్కన ఒక రబ్బరు బూర కట్టాడు, చేత్తో నొక్కేది. బోయ్ మంది అది. ఆవిడ రావడానికి అందులో వైరే లేదు. హమ్మయ్య అనుకున్నాడు, కానీ బూజు కేసి రెండుసార్లు చూశాడు.

ఆ సాయంత్రం భార్య అన్నం వడ్డించింది. ఎవరికి పెట్టనని అడగలేదు. కంచం ముందు పెట్టి వెళ్ళిపోయింది. అతను తినకుండానే లేచిపోయాడు. పొద్దున్న లేచి టిఫినుకి కూర్చోకుండానే బయల్దేరాడు, ఆమె కూడా కూర్చోమనలేదు.

షెడ్డుకి వచ్చి చూస్తే ముందు టైరు నేలకంటుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే పంచరవ్వాలా! నీలం చొక్కా తొడుక్కుని, తిట్టుకుంటూ జాకీ ఎత్తి, చక్రం మార్చాడు. నట్లు చేత్తో తిప్పి ఎక్కించాడు. జాకీ దించాడు. బండి నేల మీద నిలిచాక స్పానరుతో గట్టిగా బిగించాలి. స్పానరు అందుకోబోతుండగా ఫోను మోగింది.

"ఇంకా బయల్దేరలేదా? ఇవాళైనా టైముకి తీసుకురావయ్యా పిల్లల్ని!" అంది హెడ్మాస్టరమ్మ.

"వస్తున్నానండీ, వస్తున్నా." మాట్లాడుతూనే చేతులు తుడుచుకున్నాడు, మాట్లాడుతూనే నీలం విప్పి మేకుకి తగిలించాడు, ఖాకీ తొడుక్కున్నాడు. ఫోను పెట్టేసేసరికి సీట్లో ఉన్నాడు. డ్రైవరుకి చక్రాల సంగతేం తెలుసు? అది మెకానిక్కు పని.

సందు చివర భార్య లేదు. బూర నొక్కాలనిపించలేదు. మలుపు తిరిగిపోయాడు.

మూడు నాలుగు స్టాపులు దాటాక స్టీరింగు చేతుల్లో వణికింది. "ఆ మెకానిక్కు ఏ పనీ తిన్నగా చెయ్యడు కదా" అనుకున్నాడు డ్రైవరు. "సాయంత్రం చెప్పాలి వాడికి." అలా అనుకుని ముందుకే పోయాడు.

బస్సులో సందడి లేదు. ఒక్కో స్టాపు దగ్గరా బూర బోయ్ మంటోంది, పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. జడల గురించీ, చెప్పుల గురించీ, డబ్బా మూతల గురించీ అడిగేవాళ్ళే లేరు. కొంతసేపటికి విసుగెత్తి ఆ మాటలేవో వాళ్ళే అనుకోసాగారు. "నెమ్మదిగా ఎక్కవే, వెనకాల పులేం తరమట్లేదు!" అంటోంది ఒకర్తి, ముక్కుతో. "ముక్కు తుడుచుకోరా!" అంటున్నాడు ఇంకొకడు.

క్వారీ వచ్చింది. దిగుడు మొదట్లో అతను బూర నొక్కాడు. బోయ్.

ముందు సీట్లో కూర్చున్న పళ్ళూడిన పిల్ల లేచి నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "అల్లుడూ, అన్నీ బిగించావా?" అంది.

బస్సంతా గొల్లుమంది. తర్వాత అందరూ నోళ్ళు మూసుకుని అతని అరుపు కోసం ఎదురు చూశారు.

అతను నోరు తెరిచాడు. 'బిగిం' దాకా వచ్చింది. ఆపైన రాలేదు. రోజూ వద్దన్నా నోట్లోంచి దూకే మాట, ఆ పూట గొంతులో అడ్డం తిరిగింది. ఎవడు బిగించాడు? నేను బిగించలేదు. వాడు బిగించాడా? వాడి చేతిలో ఫోనుంది. స్పానరు నేల మీదే ఉంది.

బ్రేకు తొక్కి, పక్కకి తీసి ఆపాడు. "ఎవర్నీ దిగనివ్వకు" అని ఆయమ్మకి చెప్పి కిందకి దూకాడు.

ముందు చక్రానికి నట్లు వేలితో ముట్టుకుంటే తిరుగుతున్నాయి. రెండు లేనే లేవు. ఎక్కడ రాలాయో ఏమో. నిట్టనిలువునా కిందకి దిగే ఆ రోడ్డునీ, అడుగున గోడ సరిగా లేని వంతెననీ చూశాడు. చక్రం పక్కనే కూలబడ్డాడు.

కిటికీలోంచి పళ్ళూడిన పిల్ల తొంగి చూసింది. "డ్రైవరంకుల్, నేను అన్నందుకు కోపమొచ్చిందా?"

"లేదమ్మా" అన్నాడు. "లేదు తల్లీ. మళ్ళీ మళ్ళీ అను."

సీటు కింద ఎప్పుడూ ఉండే రెండో స్పానరు తెచ్చి, మిగతా చక్రాల్లో రెండింటి నుంచి ఒక్కొక్క నట్టు చొప్పున తీసి దీనికి వేసి, అన్నీ బిగించాడు. నట్టు నట్టుకీ మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. ఖాకీ చొక్కా నిండా గ్రీజు. అప్పుడు డాష్‌బోర్డు కింద దూరి, పీకేసిన వైరు వెతికి పట్టుకుని, తగిలించాడు. సీట్లో కూర్చుని హారన్ నొక్కాడు.

ఏమంటుందో అనుకున్నాడు. చూశావా, చెప్పానా అంటుందనుకున్నాడు.

"చేతులు కడుక్కో" అంది అత్తగారు. "పిల్లలున్న బండి."

స్కూలు గేటు దగ్గర ఇన్‌స్పెక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఆలస్యమైందని హెడ్మాస్టరమ్మ ఏదో అనబోయి, ఆ గ్రీజు చొక్కా చూసి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, చక్రాలకి నట్లు తక్కువున్నాయని, ఇవాళే వేయించి వచ్చి చూపించమని చెప్పాడు. తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుని హారన్ నొక్కాడు. హెడ్మాస్టరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆ మెడ దగ్గర గుండీ ఊడిపోతోంది నాయనా. ఇంట్లో చెప్పి కుట్టించుకో."

ఇన్‌స్పెక్టరు గుండీ తడుముకున్నాడు. "రోడ్డు చివరిదాకా వినపడుతుందా?" అన్నాడు.

"ఊరి చివరిదాకా వినపడుతుందండీ" అన్నాడు డ్రైవరు నీరసంగా.

"వినపడితే సరే" అని ఇన్‌స్పెక్టరు కిందకి దిగాడు.

నట్లు వేయించి, ఆయన చేత సరే అనిపించుకునేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. సాయంత్రం పిల్లల్ని దింపుకుంటూ సందు చివరికి వచ్చేసరికి భార్య అక్కడ నిలబడి ఉంది. క్వారీ దగ్గర సంగతి ఆమెకి అప్పుడే ఎవరో చెప్పినట్టున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతని మొహంకేసీ చొక్కాకేసీ చూసింది గానీ పలకరించలేదు. ఇంకా కోపమే.

అతను హారన్ నొక్కాడు.

"ఏమే" అంది తల్లి. "ఏం చూస్తున్నావలా? అల్లుడు పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. వెళ్ళి అన్నం పెట్టు."

భార్య కొంగుతో ముక్కు తుడుచుకుని, బస్సు మెట్టు మీద చెయ్యి వేసి, "ఎవరికమ్మా?" అంది. "డ్రైవరుకా, మెకానిక్కుకా?"

అతను మళ్ళీ హారన్ నొక్కాడు. వెనక పిల్లలందరూ ముందుకి వంగారు.

"ఇద్దరికీ పెట్టవే."