చేయి పెట్టకుండా ఒక గంట

ఆవిడ స్వెటరు గుండీలు పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, రెండో అరలోని యంత్రం వెనక నీలం తీగని వేలితో నొక్కి చూసింది. బిగువుగానే ఉంది. సర్వరు గదిలో ఏ కాలమైనా ఒకటే చలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ చలిలోనే పని కాబట్టి మందుల గోడౌన్‌లో అందరికీ ఆవిడ ‘స్వెటర్ మేడం’.

టైపిస్టుగా చేరింది. యంత్రాలు మొరాయించినప్పుడల్లా బాగుచేసేవాళ్ళ పక్కన నిలబడి చూసి చూసి పని పట్టేసింది. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. చెల్లెలికి చూపు బాగా తగ్గిపోయింది. సాయంత్రం బస్సుకి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళిపోతోంది. యాభై దాటిన చెల్లెలు ఆవిడకింకా పిల్లే.

రెండేళ్ళ క్రితం ఒక ఉదయం సర్వరు ఆగిపోయింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ డబ్బు కట్టి వాడే లైసెన్సుది. లోపల ఏం జరిగిందో అమ్మిన కంపెనీవాళ్ళే చూడాలి. ఫోన్‌లో పాట వినిపిస్తూనే ఉంది, మనిషి మాత్రం పలకలేదు. ఆసుపత్రి నుంచి ఇంజెక్షన్ కోసం వచ్చినతను హెల్మెట్ చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డాడు. మందు ముప్పై అడుగుల దూరంలోనే ఉంది. ఏ అరలో ఉందో చెప్పేది ఆగిపోయిన ఆ సర్వరే. నాలుగు గంటలు పెట్టెలు విప్పి వెతికారు. రోగి ప్రాణం దక్కింది కానీ, ఆ హెల్మెట్ మనిషి గడియారం చూసుకున్న తీరు ఆవిడ మనసులోంచి పోలేదు. ఆ వారమే ఒక పాత కంప్యూటర్ని ఇంటికి మోసుకెళ్ళింది. ఉచితంగా దొరికే సిస్టమ్‌ని అందులో ఎక్కించడం, పాడుచేయడం, మళ్ళీ నిలబెట్టడం. భోజనాల బల్ల సగం దానికే పోయింది.

లైసెన్సు గడువు ఈ నెలతో సరి. యజమాని ఏదో ఒకటి తేల్చాలి. ఉచితంగా దొరికేదే మేలని ఆవిడ చెప్పినప్పుడు ఆయన ఒకటే మాట అడిగాడు. “మీరున్నంత కాలం సరేనమ్మా. మీరు వెళ్ళాక అది ఆగిపోతే ఎవరిని పిలవను?”

ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఆవిడకి తెలుసు. అందుకే ఈ పరీక్ష పెట్టమంది. సర్వరుని ఆపేస్తారు. గంటలో ఉచిత సిస్టమ్ ఎక్కించిన పక్క యంత్రం మీద మందుల జాబితా కనిపించాలి. చేసేది ఆవిడ కాదు, డిస్పాచ్ గుమాస్తా. ఆవిడ రాసిచ్చిన నోట్‌బుక్కే ఆధారం.

“నావల్ల కాదు మేడం, నాకు కాళ్ళు వణుకుతున్నాయి,” అంది గుమాస్తా.

“కాళ్ళతో పనిలేదు, వేళ్ళు వణక్కపోతే చాలు,” అని ఆవిడ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

యజమాని మీట నొక్కాడు. ఫ్యాన్ల హోరు తగ్గింది. గుమాస్తా ఒక్కో వరుసా పైకి చదువుకుంటూ కొట్టసాగింది. ఇరవై నిమిషాలు సాఫీగా జరిగింది. తర్వాత తెర మీద ఎర్ర అక్షరాలు.

ఏం తప్పిందో ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. నిన్నటి బ్యాకప్ ఉన్న డిస్కుని ముందు తెరవాలి. వేళ్ళు వాటంతటవే చేసేసే పని కావడంతో నోట్‌బుక్‌లో రాయడం మరిచిపోయింది. ఒక్క మాట చాలు. కానీ నోరు విప్పితే యజమాని అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నేలకేసి చూసింది.

“ఇక్కడేదో తప్పిపోయింది,” అంది గుమాస్తా. ఆమె ఎర్ర అక్షరాలని కూడబలుక్కుని చదివింది. పక్క కంప్యూటర్లో ఆ మాటలే కొట్టి వెతికింది. ఎక్కడో ఎవరికో ఇదే ఇబ్బంది వచ్చింది, ఇంకెవరో జవాబు రాసిపెట్టారు. రెండుసార్లు తప్పుగా కొట్టింది. మూడోసారి ఎర్రరంగు పోయింది.

“ఓసి నీ దుంప తెగ, డిస్కు తెరవలేదా!” అని తన పెన్ను తీసి ఆ వరుస నోట్‌బుక్‌లో తనే రాసుకుంది.

యాభై మూడో నిమిషానికి జాబితా కనిపించింది. గోడౌన్ లోపలి నుంచి ఎవరో “వచ్చింది!” అని అరిచారు.

“అయితే అన్నీ మార్చేద్దామా?” అన్నాడు యజమాని.

“వద్దు సార్. జీతాల ప్రోగ్రాం పాత సిస్టమ్ మీదే నడుస్తుంది. దాన్ని కదపకండి, ఆ ఒక్కదానికీ లైసెన్సు కట్టండి. మందులవి మాత్రం మార్చండి. ఆగితే ఎవరిని పిలవాలన్నారుగా? ఈవిడని పిలవండి. ఈవిడ ఇంకొకరికి నేర్పుతుంది.”

ఆయన జీతాల యంత్రం ఒక్కదానికే లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం వీడ్కోలు సభ వద్దంది. తాళాలు గుమాస్తా చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, లారీల మధ్య నుంచి బస్టాండు వైపు గబగబా నడిచి వెళ్ళిపోయింది.

గుమాస్తా దీపం ఆర్పడానికి సర్వరు గదికి వచ్చింది. గడప బయట గోడవారగా ఆవిడ లోపల వేసుకునే రబ్బరు చెప్పులున్నాయి, మడమల దగ్గర కాగితమంత పల్చగా అరిగి, మొనలు గదివైపే పెట్టి.