కంచు మీద చెయ్యి

చింతపండు పిప్పితో గంటను తోముతున్న దుబ్బయ్య చెయ్యి ఠక్కున ఆగింది. కచేరీ వరండాలో గోడగడియారం ఏడు చూపిస్తోంది. ఏడు! కుడిచెయ్యి దానంతటదే తుమ్మకర్ర సుత్తి మీదికి పాకింది. ఎడమచెయ్యి దాన్ని దొంగను పట్టినట్టు పట్టి వెనక్కి లాగింది. సోమవారం నుంచీ ఇదే తంతు. అయిదు రోజులుగా అతని రెండు చేతుల మధ్య రోజుకు ఇరవై నాలుగు యుద్ధాలు! బయట జరుగుతున్న యుద్ధం వీటికి అదనం.

బయటి యుద్ధం నిజమైనదే. పుట్టి ఏడాది దాటిన దేశం తన సైన్యాన్ని హైదరాబాదు రాజ్యంలోకి నడిపింది. సిద్దిపేటకు నేల మీద రజాకార్ల భయం, నింగి మీద బాంబుల భయం. మొదటిదానికి తలుపులు మూసుకున్నారు. రెండోదానికి ఏం మూసుకోవాలో తెలియక కళ్ళు మూసుకున్నారు.

అప్పుడే వచ్చింది హుకుం. కచేరీ గంట ఇక గంటలు కొట్టకూడదు. విమానం వస్తేనే కొట్టాలి, అదీ ఆపకుండా. మోత వినగానే జనం కందకాల్లోకి దూకాలి. ఊరి చుట్టూ అంత హడావిడిగా కందకాలు తవ్వారు కదా, వాటిలో దూకినవాళ్ళు కందగడ్డల్లా మట్టికొట్టుకుని బయటికి వచ్చేవారు.

దుబ్బయ్యది ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీ. కచేరీలో రోజూ కచేరీ చేసేది అతనొక్కడే. పొట్టి మనిషి, గుబురు మీసం, మోకాళ్ళ దాకా పంచె, తలకు సర్కారు వారి ఎర్ర రుమాలు. పెండ్లి తాంబాళమంత కంచు బిళ్ళ, రెండు గొలుసులతో దూలానికి వేలాడుతూ ఉంటే, దాని పక్కన అతనూ వేలాడుతున్నట్టే నిలబడేవాడు. చెవులు మాత్రం చేటలంత.

ఆ చేటల్లో చెరగడానికి ఇప్పుడొక్క గింజ లేదు.

గంటకు జానెడు దూరంలో ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడితే ఏమవుతుంది? ముందు ఎడమచెవి సెలవు పుచ్చుకుంది. రెండేళ్ళ కింద కుడిచెవి కూడా దాని వెంట పోయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. పట్టు దొరక్కపోతే నవ్వేవాడు. దుబ్బయ్య ఎంత మంచివాడు, ఏమన్నా నవ్వుతాడు అనేవాళ్ళు జనం. తన గొంతు తనకు వినబడదు గనుక గట్టిగా మాట్లాడేవాడు. అతను రహస్యం చెబితే చాటింపు వేసినట్టే. ఒక్క రహస్యం మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది తెలిసింది భార్య కొమురవ్వకే. కచేరీలో తెలిస్తే నౌకరీ పోతుంది.

అలాంటి మనిషికి, విమానం చప్పుడు అందరికంటే ముందు వినే పని అప్పగించారు!

సోమవారం నాడు ఇంటికి వచ్చి కంచంలో జొన్న గటక పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు. కొమురవ్వ ఎప్పటిలాగే గంటెతో కంచం అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆ ఇంట్లో పిలుపంటే అదే. ఊరంతటికీ గంట కొట్టేవాడిని ఇంట్లో గంటె పిలుస్తుంది. కంచం పట్టుకున్న వేళ్ళలో వణుకు పుట్టగానే అతను తలెత్తుతాడు.

తలెత్తాడు.

"గిప్పుడు నిన్ను పిలిస్తే ఎట్ల తెలిసింది?" అంది ఆమె, పెదవులు విప్పి విప్పి.

"చేతికి తెలిసింది."

"మరి నీ గంట కంచుది గాదా? కంచం సంగతి చేతికి తెలిసినప్పుడు కంచు సంగతి తెల్వదా? చెవులతోనే వినాల్నని హుకుంల రాసిన్రా?"

దుబ్బయ్య కంచం వంక చూశాడు. భార్య వంక చూశాడు. గటక మొత్తం తిని ఇంకా పెట్టమన్నాడు.

ఆనాటి నుంచి పగలంతా అతని కుడి అరచెయ్యి గంట మీదే. బుధవారం నాడు రెండు విమానాలు దూరంగా పోయాయి. రెండుసార్లూ అరచేతి కింద కంచు చీమలు పారినట్టు సన్నగా జలదరించింది. రెండుసార్లూ మోగించాడు. ఊరు అతని చెవులను మెచ్చుకుంది. చెవులు పోయాయి గానీ చేవ పోలేదు!

ఈ శుక్రవారం మాత్రం వేరు. నాలుగు రోజులుగా అంగడి లేదు. ఇళ్ళల్లో ఉప్పు అయిపోయి ఊరే చప్పబడింది. కచేరీ వ్యవహారం చూసే పేష్కార్ కరీముల్లా సాహెబు సెలవు రోజైనా కచేరీకి వచ్చాడు. సన్నటి మనిషి, నల్ల షేర్వాణీ, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. పేరుకు పేష్కార్, తీరుకు పేచీకార్. దుబ్బయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దుబ్బయ్యా, జనం ఆకలికి తాళుతలేరు. కచేరీ ముంగట అంగడి పెట్టుకోమన్న. చంద్లాపూర్ దిక్కుకెళ్ళి బండ్లు గూడ వస్తున్నయ్. ఎవరి భరోసా మీద చెప్పిన? నీ చెవుల భరోసా మీద. సమజైందా?"

దుబ్బయ్య నవ్వాడు. ఈసారి మాట అర్థమయ్యే నవ్వాడు, అందుకే ఆ నవ్వు కొంచెం వంకర పోయింది.

తొమ్మిదింటికల్లా అంగడి నిండింది. ఆ సందడి చూడాలి! నాలుగు రోజులు ఇళ్ళల్లో నోరు కట్టుకున్న ఊరు ఒక్కసారిగా నోరు విప్పింది. ఉప్పు బస్తాల దగ్గర తోపులాట, మిరపకాయల దగ్గర తుమ్ములాట. కొమురవ్వ గంపెడు సొరకాయలతో కూర్చుంది. పక్కనే వంకాయల చంద్రవ్వ, పెద్ద గొంతూ పెద్ద బొట్టూ. బాంబు పడితే వంకాయలు కాల్చుకోవడానికి కట్టెలు మిగులుతాయని ఆమె అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు భయం మరిచి పడీపడీ నవ్వారు.

పదింటికి కంచు వణికింది.

వణుకు సన్నగా లేదు, లావుగా ఉంది. విమానం బాగా దగ్గరికి వచ్చిందన్న మాట! సుత్తి ఎత్తి వాయించాడు, వాయించాడు, చెమటలు కారేలా వాయించాడు. అంగడి లేచి ఉరికింది. బండెడ్లు తాళ్ళు తెంచుకున్నాయి. ఉప్పు మన్నులో, మనుషులు కందకంలో. షేర్వాణీ మడమలకు చిక్కి పేష్కార్ సాహెబు అందరికంటే ముందు పడ్డాడు.

ఎంతసేపు చూసినా నింగి నింగిలాగే ఉంది.

చివరికి కచేరీ వెనక గోడ మీదుగా ముత్తయ్య తల పైకొచ్చింది. వడ్ల మర నడిపేవాడు, ముఖమంతా నూనె. "ఏమైందే? అందరు గుంతల ఏం జేస్తున్రు? నాలుగొద్దుల సంది మూలకున్న మర ఇప్పుడే షురూ జేసిన. ఇగ వడ్లు తెచ్చుకోన్రి!" అన్నాడు సంతోషంగా.

విమానం రాలేదు. అవమానం వచ్చింది.

చంద్రవ్వ కందకంలోంచి లేచి మన్ను దులుపుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. "ఏం బావా, రేపు మా కోడలు ఇసుర్రాయి తిప్పినా గంట గొడ్తవా? పుణ్యానికి మూటెడు వంకాయలు తొక్కిచ్చినవ్!"

పేష్కార్ సాహెబు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అరవలేదు. అదే భయంగా ఉంది. "ముప్పై ఏండ్ల నౌకరీ నీది. ఒక్క తప్పు మాఫ్. ఇంకోసారి గిట్లయితే సుత్తి గీడ పెట్టి ఇంటికి పో. మంది పానాలతోని ఆటలాడెటోడు నాకు వద్దు."

దుబ్బయ్య తల ఊపాడు. వెళ్ళి మళ్ళీ గంట మీద చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకుని మర వణుకును నేర్చుకున్నాడు. అది నేలలోంచి పుట్టి, దూలం మీదుగా గొలుసులు దిగి వస్తుంది. అడుగులు వేస్తున్నట్టు తెగి తెగి వస్తుంది. నువ్వు మరవు. నిన్నిక మరవను అనుకున్నాడు. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో నొప్పి గుంజుతోంది. రెండు చేతులతో అంతసేపు వాయిస్తే గుంజదా మరి అనుకుని గంట మీది చెయ్యి తియ్యలేదు.

జుమ్మా నమాజు అయింది. మసీదులోని వాళ్ళు కూడా అంగడికి వచ్చారు. బండ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మూడున్నర ప్రాంతంలో అంగడి మంచి ఊపు మీద ఉంది.

అప్పుడు మర అడుగుల మీద, ఎక్కడో పైన, చీమలు పారాయి.

దుబ్బయ్య ఊపిరి బిగబట్టాడు. ఔనా? కాదా? మరలో ఇంకేదైనా చక్రం తిప్పాడా ముత్తయ్య? కొడితే, కాకపోతే, నౌకరీ పోతుంది. చెవిటివాడని ఊరంతటికీ తెలిసిపోతుంది. కొట్టకపోతే, అయితే? అతను అంగడి వంక చూశాడు. ఉప్పు తూచేవాడు, బేరమాడే ముసలామె, బండి కింద నిద్రపోయే మనిషి, సొరకాయలు పేరుస్తున్న కొమురవ్వ. వీళ్ళెవరూ నింగి వైపు చూడటం లేదు. అతని భరోసా మీద చూడటం మానేశారు.

సుత్తి లేచింది.

మోత మోగింది. అంగడి తలెత్తింది. కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉన్నారు. "మళ్ళా మర మొదలైనట్టుంది!" అంది చంద్రవ్వ, నడుము మీద చేతులు పెట్టుకుని. గొల్లున నవ్వులు. పేష్కార్ సాహెబు వరండాలోంచి "బంద్ కర్!" అని అరిచాడు. దుబ్బయ్య వెనక్కి తిరగలేదు. "బంద్ కర్, దుబ్బయ్యా!" అతను ఇంకా గట్టిగా వాయించాడు.

అప్పుడు కొమురవ్వ లేచింది. సొరకాయల గంపను కాలితో తన్ని, కొంగు నడుముకు చెక్కి కందకం వైపు ఉరికింది.

"ఉరుకున్రి! మా ఆయన చెవులు చెడిపోయినయ్, రెండేండ్లయింది! చెయ్యి చెడిపోలే! పొద్దుగాల మర వణికింది నిజమే గదా? ఇప్పుడు గూడ నిజమే! ఉరుకున్రి!"

దాచుకున్న రహస్యాన్ని ఆమె నడి అంగట్లో పారేసింది. ముందుగా కదిలింది చంద్రవ్వే. "అవ్వా, చావొచ్చింది! ఉరుకున్రే!" అని ఆమె పెట్టిన కేక గంటను మించిపోయింది. అంగడి అంగడీ కందకాల్లోకి జారింది. బండి కింద నిద్రపోయేవాడిని ఇద్దరు కాళ్ళు పట్టి ఈడ్చుకుపోయారు. ఉప్పు తూచేవాడు తక్కెడతో సహా దూకాడు. టోపీలూ తలపాగాలూ ఒకే గుంతలో ఒకదానికొకటి ఒత్తుకున్నాయి.

చివరి మనిషి దిగాడో లేదో, కోమటిచెరువు మీదుగా వచ్చింది! చింతచెట్ల కొనలు వంగేంత కిందుగా, ఒక్కటే విమానం. దాని నీడ అంగడి మీద చాపలా పరుచుకుని లేచిపోయింది. దాని పొట్టలోంచి తెల్లగా ఏవో రాలాయి. కందకాల్లో కళ్ళన్నీ మూసుకున్నాయి. పేర్లున్న దేవుళ్ళందరూ పిలుపులు అందుకున్నారు.

పేలలేదు. గాలిలో ఊగుతూ ఊగుతూ, ఒకటి చంద్రవ్వ తల మీద వాలింది. "సచ్చిన్నో!" అని తడుముకుంటే చేతికి కాగితం తగిలింది.

పేష్కార్ సాహెబు చదివి వినిపించాడు. భయపడొద్దని, ఇళ్ళల్లో ఉండమని, అమాయకులకు ఏ హానీ లేదని తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంది. కందకం కందకమంతా ఒకేసారి నవ్వింది, ఏడ్చింది, మన్ను దులుపుకుంది. గంట మోగక, నెత్తి మీద విమానాన్ని చూసి జనం కంగారుగా లేచి రోడ్డున పడి ఉంటే బండెడ్ల కింద ఎందరు నలిగేవాళ్ళో అందరికీ తెలుసు.

సాహెబు దుబ్బయ్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తన చెయ్యి కూడా చాచి గంట మీద దుబ్బయ్య చెయ్యి పక్కన పెట్టాడు. ఎగిరిపోతున్న విమానం ఇంకా అందులో సన్నగా మిగిలి ఉంది.

"యా అల్లా," అన్నాడు. "గింత సన్నగనా?"

"గంతే సాబ్. పొద్దుగాల దాన్కి దీన్కి ఫరక్ తెల్వలే. గిప్పుడు తెలిసింది," అని దుబ్బయ్య ఊరంతా వినేటట్టు అన్నాడు. "నౌకరి నుంచి తీసేస్తరా?"

"తీసేసెటోన్ని నేనే ఉంటనో లేదో రేపు!" అని సాహెబు నవ్వబోయి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

పొద్దు వాలుతుండగా రేడియో ఉన్న ఇంటి నుంచి వార్త ఉరుక్కుంటూ వచ్చింది. హైదరాబాదు లొంగిపోయింది. యుద్ధం అయిపోయింది! ఒకడు రుమాలు ఎగరేశాడు, ఒకడు తలుపు గడియ పెట్టుకున్నాడు, చంద్రవ్వ మిగిలిన వంకాయలన్నీ దారిన పోయేవాళ్ళ చేతుల్లో పెట్టేసింది. సాహెబు కాసేపు మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఉప్పు తూచేవాడు వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

గోడగడియారం ఏడు చూపిస్తోంది. సాహెబు లేచి దుబ్బయ్యకు ఏడు వేళ్ళు చూపించాడు. "కొట్టు. టైం కొట్టు."

అయిదు రోజుల తర్వాత దుబ్బయ్య రెండు చేతులూ రాజీపడ్డాయి. ఒకటి... రెండు... ఇళ్ళల్లో తలుపులు తెరుచుకున్నాయి. మూడు... నాలుగు... ఎవరో పొయ్యి రాజేశారు. అయిదు... ఆరు... దెబ్బకూ దెబ్బకూ మధ్య అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఏడు. సుత్తిని మెల్లగా గూట్లో పెట్టాడు. దూలపు గుంజకు వీపు ఆనించి, పీట మీద కూర్చుని, మోత చల్లారేదాకా వినడానికి చెయ్యి గంటకు ఆనించాడు.

కొమురవ్వ ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది. "ఇంటికి పోదాం పా. గటక చల్లారిపోతది." అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవుల మీద ఆ పాత నవ్వు. ఆమె వంగి, కంచం మీద కొట్టినట్టే, వేలి కణుపుతో గంట అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది.

కంచు మెల్లగా పలికింది. దాని మీదున్న వేళ్ళు కదలలేదు.

ఆమె మళ్ళీ కొట్టింది.

దుబ్బయ్య తర్వాత వచ్చిన కొత్త మనిషి ఇప్పటికీ రోజూ పొద్దున చింతపండుతో గంటంతా తళతళలాడేటట్టు తోముతాడు. ఒక్కచోట మాత్రం తోమడు. మెరిసే కంచు నడుమ, చెమటకు నల్లబడిన అరచెయ్యి గుర్తొకటి, అయిదు వేళ్ళతో.