దుఃఖమాత కుడిచెయ్యి

మా ఇంట్లో, శిలువ మీద పోయిన కొడుకు కోసం ఏడ్చే దుఃఖమాత విగ్రహం నాలుగు తరాలుగా ఉంది. ఏటా గుడ్ ఫ్రైడే ఊరేగింపుకు ఆమెకు బట్టలు కట్టేది మా ఇంటి ఆడవాళ్ళే. మగవాళ్ళ కన్ను పడకుండా తలుపులు మూసి కడతాం. ఆ పని తల్లి నుంచి పెద్దకూతురికి రావాలి. పెద్దదాన్ని నేను. అమ్మ మాత్రం చెల్లెలు డెల్ఫినాకు ఇచ్చింది.

నేను సంతలో ఎండుచేపలు అమ్ముతాను. ఏ బుట్ట అడుగున తడిచేపలు దాచారో పైనుంచి చూసి చెప్పగలను. మనుషుల్నీ అలాగే చూస్తాను. డెల్ఫినాలో అడుగున కూడా తడిచేప దొరకదు. అదే నాకు కంటగింపు. "మీ చెల్లెలు బంగారం" అని ఊరంతా నాతోనే అంటారు, నా దగ్గర చేపలు బేరమాడుతూ.

ఈ ఏడు, నలభయ్యో ఏట, దానికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఎలిసియో సరస్సు ఒడ్డున పడవలు చేసే వడ్రంగి. భార్య పోయినవాడు. అతను దాన్ని చూసే చూపు కోసం నేను నా మొగుడి దగ్గర ఇరవై ఏళ్ళు ఎదురుచూశాను. ఆయన పోయాడు గానీ ఆ చూపు రాలేదు.

గురువారం మధ్యాహ్నం బట్టలు కడుతున్నాం. అందుకోసం విగ్రహం చేతులు ఊడదీస్తాం. తిరిగి పెట్టాక మణికట్టు దగ్గర చెక్కమేకు దిగగొట్టాలి. నేను కిరీటం అందుకోబోయాను.

"నువ్వు ముట్టుకోకే రోసెండా," అంది అమ్మ. "డజను నిమ్మకాయలు రుద్దినా నీ చేతుల చేపకంపు పోదు. అమ్మవారు ఏడ్చేది కొడుకు కోసం అనుకోవాలి జనం, నీ వాసనకు కాదు."

"పోనీలే అమ్మా, ఈ ఒక్కసారికి అక్కని పెట్టనీ," అంది డెల్ఫినా.

అమ్మ మాట కన్నా ఆ "పోనీలే" నన్ను ఎక్కువ కాల్చింది. నాకు రావలసింది నాకే దానం చేస్తోంది.

"వద్దులేవే. నీ కిరీటం నువ్వే పెట్టుకో," అన్నాను.

"అయితే కుడిచేతి మేకు నువ్వు కొట్టక్కా," అంటూ అది పీట ఎక్కింది.

మేకును రంధ్రంలో ఊరికే ఆనించాను. సుత్తితో మాత్రం రెండు దెబ్బలు గట్టిగా వేశాను, బల్ల మీద.

శుక్రవారం సాయంత్రం సంత మలుపులో రథం కుదుపుకు దుఃఖమాత కుడిచెయ్యి ఊడి రాళ్ళ మీద పడింది. పాట ఆగింది. కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు.

"కట్టినదాని మీద తల్లికి కోపమొచ్చింది," అంది మా వెనకింటి పోలెంగ్ పిన్ని. "ఈ వయసులో పెళ్ళేమిటని చెయ్యి విసిరేసింది."

డెల్ఫినా ఆ చేతిని పైటకొంగులాంటి తన ముసుగులో చుట్టుకుని, చెప్పులు వదిలేసి, గుడిదాకా రాళ్ళ మీద వట్టికాళ్ళతో నడిచింది. ఆ నడకలో అరికాళ్ళు చిట్లాయి.

శనివారం పొద్దున అమ్మ బట్టలపెట్టె తాళంచెవి నా ముందు పెట్టింది. "ఇకనుంచి నువ్వే. అది వద్దంటోంది. పెళ్ళి కూడా మానేసిందట."

కోరింది దక్కింది. దక్కిన సరుకు ఇంటికి తెచ్చి విప్పితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పరామర్శకు వచ్చినవాళ్ళెవరూ తాళంచెవి వంక చూడలేదు. అందరూ డెల్ఫినా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. "ఎంత భక్తి! ఎంత త్యాగం!" పోలెంగ్ పిన్ని కొబ్బరిపాలలో ఉడికించిన అరటిపళ్ళు గిన్నెనిండా తెచ్చి దాని చేతికిచ్చింది.

పాపం నాది. ఆ పాపం పేరు మీద పుణ్యం తింటోంది డెల్ఫినా. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, మళ్ళీ అసూయే.

అప్పుడే ఎలిసియో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ చేత్తో నలుపుతూ.

"నా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పు డెల్ఫినా. దిద్దుకుంటాను," అన్నాడు.

"నీది కాదు, నాదే. నేను ఆశపడ్డాను. ఇంక రాకు."

అతను మెట్లు దిగాడు. డెల్ఫినా ఏడవలేదు. గిన్నెలోని అరటిముక్కను చెంచాతో నలుపుతూ కూర్చుంది, గుజ్జయినా ఆపలేదు. అలాంటి చేతులు నేను ఎరుగుదును. మొగుడు పోయిన ఏడాది నావి అలాగే ఉండేవి. అది చూశాక నా లెక్కలేవీ నిలబడలేదు.

"మేకు నేను కొట్టలేదు," అన్నాను. "సుత్తి బల్ల మీద కొట్టాను. కావాలనే."

పోలెంగ్ పిన్ని నెమ్మదిగా గిన్నె వైపు చూసింది, వెనక్కి తీసుకోవచ్చా అన్నట్టు.

"ఎందుకక్కా?" అంది డెల్ఫినా.

"నువ్వు పోనీలే అన్నావు."

మొదటిసారి దాని మొహంలో కోపం చూశాను. నిఖార్సైన కోపం.

"చేపలదానా!" అంది గొంతు చించుకుని. నలభై ఏళ్ళలో అది నన్ను తిట్టిన మొదటి తిట్టు. తిడుతూనే లేచి, చిట్లిన కాళ్ళతో మెట్లు దిగి, "ఎలిసియో! ఆగు!" అని వీధంతా వినపడేలా అరుస్తూ పరుగెత్తింది.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. అతను వెనక్కి తిరిగాడు. ఆ చూపు ఇంత దూరం నుంచి కూడా కనపడింది. గుండెలో ఎప్పటిలాగే కలుక్కుమంది.

"ఏం చూస్తావే అక్కడ?" అంది అమ్మ, నా మొహం వైపు చూడకుండా. "కుర్చీ తుడిచి వెయ్యి. అల్లుడు వస్తున్నాడు."

తుడిచాను. రెండుసార్లు తుడిచాను.