సాంబయ్య చూడని బొమ్మ

సాంబయ్య నోరు తెరిస్తే మూడు రోజుల దాకా మూతపడదని సిరిసిల్ల వైపు నేతవాళ్ళు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అందులో ఎగతాళి కొంత, మురిపెం ఎక్కువ. ముప్పై మూరల గుడ్డ మీద పట్టీలు పట్టీలుగా బొమ్మలు, అదే పటం. దాన్ని వాడకట్టులో వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కర్రతో తాకుతూ నేతవాళ్ళ కులకథ చెప్పడం అతని ఇంటి వృత్తి. తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, యాభై ఏళ్ళుగా తను చెబుతున్నాడు.

పటం చినిగి పోగులైతే ఆ ఇంట్లో మనిషి పోయినట్టే లెక్క. కొత్తది రాయించుకుని, పాతదానికి పసుపు కుంకుమ పెట్టి, ధర్మపురి తీసుకెళ్ళి గోదావరిలో కలపాలి. కిందటి కార్తీకంలో, తాత రాయించిన పటం చినిగి, సాంబయ్యకు ఆ పని పడింది. బొమ్మలు రాసే దేవదాస్ పాత పటాన్ని ముందు పెట్టుకుని అన్ని పట్టీలూ కొత్త గుడ్డ మీదికి దించాడు, ఒక్కటి తప్ప. నెల ముగింపుకొచ్చింది. చినిగిన పటాన్ని కార్తీకం దాటి ఉంచుకోవడం మంచిది కాదని సాంబయ్య ఒకటే తొందర.

“ఒక్క పట్టీయే గదనే. రెండు దినాలు ఆగరాదు?” అన్నాడు దేవదాస్.

“ఆగుడెందుకు? గా కథ నన్ను నిద్రల లేపి అడిగినా చెప్త. నేను చెప్త, నువ్వు రాయి.”

పాత పటం చంకన పెట్టుకుని ధర్మపురికి బయల్దేరాడు. దారిలో కరీంనగర్ బస్టాండులో వనిత ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఆమె అక్కడి గ్రంథాలయంలో పాత సంగతులు కూడబెట్టే గది చూస్తుంది. నస్పూర్ గని కార్మికులు రాసుకున్న పాటల నోటుబుక్కులు, ఆసిఫాబాద్ వైపు ఇత్తడి బొమ్మలు పోసేవాళ్ళ ఫొటోలు, అన్నీ ఆమె ఊరూరా తిరిగి తెచ్చినవే. దేవదాస్ ఫోన్ చేసి పటం సంగతి చెప్పాడట. ఒక్క పూట పటాన్ని ఫొటోలు తీసుకోనివ్వమని బతిమాలింది.

“పోయినోనికి ఫొటోలేంది బిడ్డా? ఎవలు చూస్తరు?” అని సాంబయ్య కసిరాడు. అయినా ఆమె వదల్లేదు. గ్రంథాలయానికి తీసుకెళ్ళి, నేల మీద దుప్పట్లు పరిచి, పటం విప్పి, మోకాళ్ళ మీద పాకుతూ మూరెడు మూరెడు తీసింది. సాంబయ్య గడియారం చూస్తూ సణుగుతూనే ఉన్నాడు. ఆమె ఇంకా ఏదో అడగబోతుంటే పటం చుట్టేసుకుని, రెండు మాటలు అని మరీ బస్సెక్కాడు. మర్నాడు పొద్దున పటం గోదావరిలో మునిగింది.

పది రోజులకు దేవదాస్ కుంచె పట్టుకుని పిలిచాడు. “ఇగ చెప్పు.”

సాంబయ్య గొంతెత్తాడు. తామరతూళ్ళ నూలుతో మొదటి బట్ట నేసిన ఘట్టమది. రాగం తీసి గంటసేపు చెప్పాడు.

“కథ బాగుంది. బొమ్మ చెప్పు. మగ్గం ఏ పక్కకుంది? ఎంతమంది నిలవడ్డరు?”

సాంబయ్య నోరు మూతపడింది. యాభై ఏళ్ళు ఆ పట్టీని కర్రతో తాకాడు కానీ చూడలేదు. జనం ముఖాలు చూస్తూ చెప్పాలి, వాళ్ళకు వీపు చూపొద్దు అని తాత నేర్పిన పద్ధతి. చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళి బొమ్మను తాకేది. అంతే.

మాఘంలో కథ కట్టాలి. ఒక్క పట్టీ తక్కువైనా ఆ పటాన్ని నేతవాళ్ళు వాకిట్లో వేలాడనివ్వరు. ఆ పట్టీ రాకపోతే మూడు తరాల వృత్తి తన చేతుల్లోనే ఆగిపోతుంది. తను తొందరపడి చేసిన పనికి తలకొట్టేసినట్టయింది సాంబయ్యకు. అప్పుడు గుర్తొచ్చింది, దుప్పటి మీద పాకిన ఆ పిల్ల.

మొహం చెల్లకపోయినా వెళ్ళాడు. వనిత ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. చాయ్ తెప్పించి, కంప్యూటర్లో ఆ పట్టీ తీసింది. సాంబయ్య అలవాటు కొద్దీ తెరకు వీపు పెట్టి నిలబడి, “ఇగో, గిక్కడ్నే మూలపురుషుడు...” అని చెయ్యి వెనక్కి చాపాడు. వనితకు నవ్వాగలేదు. భుజం పట్టుకుని మెల్లగా తిప్పింది.

“తాతా, జర గిటు చూడుండ్రి.”

చూశాడు. నడుమ మగ్గం, చుట్టూ ఏడుగురు, తామర కొలను. ఎడమ మూలన, మగ్గం నీడలో, జానెడు మనిషి. ఎర్ర రుమాలు, ఎడమచేతిలో కర్ర.

“గీయన ఎవలు తాతా? కథలోని మనిషి తీరు లేడు. ఆనాడే అడుగుదామంటే మీరు బస్సుకు ఉరికిండ్రు. పేరు తెలియదని రాసి పెట్టిన.”

సాంబయ్య తెర దగ్గరికి వంగి ఆ కర్ర మీద వేలు పెట్టాడు. వాళ్ళ ఇంట్లో ఎడమచేతివాటం ఒక్కడికే ఉండేది.

“మా తాత,” అన్నాడు. “నాగయ్య. రాసుకో బిడ్డా, నాగయ్య. యాభై ఏండ్లు నా వీపెనకనే నిలవడ్డడు. నేను చూడలే.” కళ్ళు తుడుచుకుని చేతులు జోడించాడు. “ఆనాడు నిన్ను తిట్టిన నోరిది. నువ్వు లేకుంటే మా తాతను నేనే గంగల కలిపి మర్చిపోదును.”

వనిత అతని జోడించిన చేతులు విడదీసి, కలం అందుకుని పేరు రాసుకుంది.

ఫొటో చూసి దేవదాస్ ఆ పట్టీని నాగయ్యతో సహా దించాడు. మాఘంలో కొత్త పటం వాకిట్లో వేలాడింది. రెండో రోజు కథ ఆ పట్టీ దగ్గరికొచ్చింది. ముందు వరసలో కులపెద్ద గట్టయ్య, ఆయన పక్కన వనిత. సాంబయ్య రాగం ఆపి, బతుకులో మొదటిసారి జనానికి వీపు తిప్పి నిలబడ్డాడు.

“ఏందే సాంబయ్యా, కథ ఆపినవ్?” అన్నాడు గట్టయ్య.

“ఆపలే పటేలా. మా తాతను చూస్తున్న. మీరు గూడ చూడుండ్రి.”