గ్యాసు ఎక్కని కారు

ఏసీ మేస్త్రీ పొద్దున్నే షట్టరు ఎత్తి, టీ తాగి, వచ్చిన ప్రతి బండికీ అవే ప్రశ్నలు వేస్తాడు. "ఏ మోడలు? ఎంత తిరిగింది? ఇందులో ఎవరైనా పోయారా?"

పోయినవాళ్ళ ఊపిరి ఒక్కోసారి బండిలోనే ఉండిపోతుంది. కొత్తగా ఏసీ బిగిస్తే పైపుల్లోకి దూరి కూర్చుంటుంది. ఎలుకలు వైర్లు కొరికినట్టే ఇదీ ఒక తలనొప్పి, అంతకుమించి ఏం లేదు.

పాత తెల్లకారు తెచ్చిన తల్లీకూతుళ్ళనీ అడిగాడు.

"ఎవరూ పోలేదు బాబూ" అంది తల్లి, కూతురు నోరు తెరిచేలోపే.

కూతురికి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కి దూరంగా ఉన్న ఆసుపత్రికి పోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ ఎండకి వెనకసీట్లోనే స్పృహ తప్పి పడిపోతోంది. డాక్టరు కూడా, ఇలాగైతే ఏదో ఒకరోజు దారిలోనే ప్రాణం మీదికొస్తుందన్నాడు. తల్లే కారు నడుపుతుంది. రోడ్డు చూడాలా, కూతుర్ని చూసుకోవాలా?

మేస్త్రీ కొత్త కంప్రెసరు, కొత్త పైపులు బిగించాడు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగాడు. సిలిండరు తెరిస్తే గ్యాసు ఎక్కలేదు. దాని బరువు ఇసుమంత కూడా తగ్గలేదు. గాలి నింపి, జాయింట్లకు సబ్బునురగ పూసి చూస్తే ఒక్క బుడగా రాలేదు. వాషర్లు మార్చి, మళ్ళీ గాలి లాగి, మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"లీకైతే ముల్లు పైకొచ్చి అక్కడే ఆగిపోవాలి పిన్నిగారూ. ఇది వస్తోంది, పోతోంది. నా దగ్గర దాస్తే ఎలా? ఎవరు?"

"మా ఆయన" అంది తల్లి, తల దించుకుని.

ఆమెను తప్పుపట్టడానికి నాకైతే మనసొప్పదు. పనులయ్యాక మధ్యాహ్నాలు ఆ కారులో అద్దాలెత్తుకుని కూర్చునేది. పక్కసీట్లో మెల్లగా ఊపిరి వినిపించేది. ఆ కాస్త తోడూ పోతుందని అబద్ధమాడింది. మొగుణ్ణీ కూతుర్నీ త్రాసులో వేయాల్సిన గతి పగవాళ్ళకి కూడా వద్దు.

"పోనీ సైకిలు ట్యూబులోకి పట్టివ్వనా? కొందరు అలాగే తీసుకెళ్తారు."

"ట్యూబులోనా? ఆయనకి ఇరుకంటే అసలు పడదు బాబూ."

"అయితే మీరే పంపించాలి. ఊరికే ఉండరు, దేనికోసమో ఆగి ఉంటారు. అదేదో చెప్పేయండి."

దేనికోసమో ఆమెకు తెలుసు. కూతురి పరీక్షల రిజల్టు వచ్చే రోజు, "నేను కనుక్కొచ్చి చెబుతా, మీరు కూర్చోండి" అని ఆయన్ని కారులోనే ఉంచి ఆసుపత్రిలోకి వెళ్ళింది. వచ్చేసరికి ఆయన స్టీరింగు మీద తల వాల్చేసి ఉన్నాడు. ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు పక్కన కూర్చున్నా, ఆ ఒక్క మాటకి మాత్రం నోరు రాలేదు.

మేస్త్రీ పంపు ఆన్ చేశాడు. ఆమె కారెక్కింది.

"ఏమండీ, అమ్మాయికి..."

ఊపిరి బిగబట్టినట్టు ముల్లు ఉన్నచోటే ఆగిపోయింది. తల్లి ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కూతురు వెనక తలుపు తీసుకుని ఎక్కింది. సూదులకి కమిలిపోయిన చెయ్యి ముందుసీటు మీద వేసింది.

"నాన్నా, రిజల్టు బాగానే వచ్చింది. ఏమీ లేదన్నారు. నువ్వే ఊరికే కంగారుపడ్డావు."

పంపులోంచి పొడుగ్గా ఒక నిట్టూర్పు బయటికొచ్చింది. ముల్లు అడుక్కి దిగి నిలిచిపోయింది. మేస్త్రీ కళ్ళు తుడుచుకుని సిలిండరు తెరిచాడు. గ్యాసు గడగడా ఎక్కింది.

ఆ రోజు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు కూతురికి స్పృహ తప్పలేదు. చల్లగాలికి మొహం పెట్టి, కిటికీలోంచి దారంతా చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక తల్లి ఉండబట్టలేక అడిగింది.

"వెళ్ళిపోయే మనిషికి అబద్ధం ఎందుకే చెప్పావు?"

"నిజం చెబితే దిగేవాడా అమ్మా?"